ఎర్రర్ చూపని నష్టం

చేవెళ్ల, మొయినాబాద్ పల్లెల్లో ఎల్లమ్మ పండుగకో మల్లన్న పట్నాలకో ఒగ్గుకథ పెట్టిస్తే తెల్లవార్లూ సాగడం మామూలే. దాన్ని రికార్డు చేసినవాళ్లు మర్నాడు ఆ ఫైలును ఎంపీ3గా మార్చబోయినప్పుడు తెరమీద ఎర్రర్ కనబడితే గాభరా పడతారు. గాభరా పడాల్సింది అక్కడ కాదు. యంత్రం ఎర్రర్ చూపి ఆగిపోయిందంటే అసలు ధ్వని చాలాసార్లు భద్రంగానే ఉంటుంది. ఏ ఎర్రరూ లేకుండా మార్పిడి పూర్తయినప్పుడు పోయిందే తిరిగి రాదు.

రాత్రంతా నడిచిన కథనే తీసుకోండి, దాన్ని వేవ్ ఫైలుగా రికార్డు చేశారనుకుందాం. 1991లో మైక్రోసాఫ్ట్, ఐబీఎం కలిసి తెచ్చిన వేవ్ ఫైలులో, తన పరిమాణం రాసుకోవడానికి 32 బిట్లే ఉన్నాయి. అందులో రాయగల గరిష్ఠ పరిమాణం 4 జీబీ. సీడీ నాణ్యతతో రికార్డు చేస్తే దాదాపు 6 గంటల 45 నిమిషాలకు ఆ హద్దు వస్తుంది. రికార్డర్ అక్కడ ఆగకుండా రాసుకుంటూ పోతే ఫైలు మొదట్లో ఉన్న లెక్క తప్పవుతుంది, మార్చే సాఫ్ట్‌వేర్ తికమక పడుతుంది. ధ్వని మాత్రం చెక్కుచెదరదు. ఆ లెక్కను పక్కనపెట్టి లోపలి డేటాను నేరుగా చదివే ఆడాసిటీ వంటి సాఫ్ట్‌వేర్‌తో దాన్ని బయటికి తీయవచ్చు. పేరు చివర .ఎంపీ3 అని మార్చినంత మాత్రాన లోపలి ధ్వని మారదు కాబట్టి, ఆ కారణంగా వచ్చే ఎర్రర్ కూడా పాత పేరు తిరిగి పెడితే పోయేదే.

ఇక ఎంపీ3 సంగతి. జర్మనీలో ఫ్రాన్‌హోఫర్ సంస్థతో కలిసి కార్ల్‌హైన్జ్ బ్రాండెన్‌బర్గ్ వంటి పరిశోధకులు రూపొందించిన ఈ పద్ధతి 1993లో ఎంపెగ్ ప్రమాణంగా వెలువడింది. .ఎంపీ3 అనే తోక 1995 జులైలో ఖాయమైంది. పెద్ద శబ్దం పక్కన చిన్న శబ్దం చెవికి ఆనదు కనుక దాన్ని వదిలేయవచ్చన్నది దీని కీలకం. సెకనుకు 14 లక్షల బిట్ల సీడీ ధ్వని ఆ విధంగానే 1.28 లక్షలకు దిగింది. బ్రాండెన్‌బర్గ్ తన లెక్కలను సరిచూసుకోవడానికి వాడిన పాట సుజాన్ వేగా వాద్యాలేవీ లేకుండా పాడిన ‘టామ్స్ డైనర్’. ఒగ్గుకథ అలాంటిది కాదు. అందులో గొంతుతో పాటు డోలు దెబ్బ, తాళాల మోత ఉంటాయి. ఎంపీ3 ధ్వనిని చిన్న చిన్న ముక్కలుగా కోసి లెక్కగడుతుంది. ఒక ముక్క మధ్యలో హఠాత్తుగా దెబ్బ పడితే, లెక్కలో మిగిలిన పొరపాటు ఆ దెబ్బకు ముందున్న నిశ్శబ్దంలోకి కూడా గరగరగా పాకుతుంది. ముక్కలను ఇంకా చిన్నవి చేసే ఉపాయం ఆ ప్రమాణంలోనే ఉంది గానీ, తక్కువ బిట్లలో అది పూర్తిగా ఆదుకోదు.

ఎంపీ3 ఎక్కడైనా మోగుతుంది, చోటు తక్కువ పడుతుంది, వినేవాడికి తేడా తెలియదు కదా అనవచ్చు. సెకనుకు 320 కిలోబిట్ల దగ్గర చాలామందికి తేడా తెలియదన్నది నిజమే. అయితే ఆ మాట ఒక్కసారి చేసిన మార్పిడికే చెల్లుతుంది. ఎంపీ3ని విప్పి, కొంత కత్తిరించి మళ్లీ ఎంపీ3 చేస్తే మొదటి కోత మీద రెండో కోత పడుతుంది. పాత కీప్యాడ్ ఫోన్ సెకనుకు 8,000 నమూనాలతో పట్టిన ఏఎంఆర్ ఫైలును 320కి మార్చినా ఫైలు బరువెక్కుతుందే తప్ప తాళాల మెరుపు రాదు. చోటే సమస్యయితే 2001 నుంచి ఫ్లాక్ ఉంది. ఒక్క బిట్టు పోకుండా వేవ్‌ను రమారమి సగానికి కుదిస్తుంది. పంచుకోవడానికి ఎంపీ3 చేసుకోండి. రికార్డర్ ఇచ్చిన మొదటి ఫైలును మాత్రం చెరపకండి, ఇంకోచోట ఒక నకలు కూడా పెట్టండి.