తోడు రోబోల ఆయుష్షు

మనుషులతో మాట్లాడుతూ, సైగలకు స్పందించే రోబోలను సోషల్ రోబోలంటారు. ఇవి ఎంత సహజంగా మెలగుతాయి, ఎంత నమ్మకం కలిగిస్తాయి అన్నవి ఈ రంగంలో మొదటి నుంచీ ఉన్న ప్రశ్నలు. ఎంతకాలం పనిచేస్తాయి, మూలపడితే ఏమవుతాయి అన్నవి ఇప్పుడు వాటికి తోడయ్యాయి.

సోనీ 1999లో తెచ్చిన ఐబో అనే రోబో కుక్క తయారీ 2006లో ఆగింది. 2014లో కంపెనీ మరమ్మతులూ మానేసింది. విడిభాగాలు దొరక్క, జపాన్‌లో మెకానిక్‌లు పనిచేయని ఐబోల భాగాలు తీసి మిగతావాటికి అమర్చారు. భాగాలు తీసే ముందు వాటికి ఒక బౌద్ధాలయంలో అంత్యక్రియలు జరిపించేవారు. అమెరికాలో 2017లో ఇళ్లకు చేరిన జిబో అనే సోషల్ రోబో సమస్య వేరు. దాని తెలివిలో చాలా భాగం కంపెనీ సర్వర్లలో ఉండేది. కంపెనీ మూతపడ్డాక ఆ సర్వర్లు ఆపేస్తున్నారని 2019లో జిబోయే యజమానులకు చెప్పింది. మోటార్లు, తెర బాగానే ఉన్నా రోబో పనికిరాకుండా పోయే పరిస్థితి అది.

ఇలా మూలపడ్డ రోబోలో లిథియం బ్యాటరీ, సర్క్యూట్ బోర్డులు, అయస్కాంతాలున్న మోటార్లు ఉంటాయి. 2022లో ప్రపంచంలో పోగైన ఎలక్ట్రానిక్ చెత్త 6.2 కోట్ల టన్నులు. అందులో సక్రమంగా సేకరించి రీసైక్లింగ్ చేసినట్టు లెక్కకెక్కింది 22.3 శాతమే.

రోబో ఆయుష్షు పెంచే మార్గాలు డిజైన్ దశలోనే ఉన్నాయి. భాగాలను జిగురుతో అతికించకుండా స్క్రూలతో బిగిస్తే విప్పి బాగుచేయవచ్చు. ఫ్రాన్స్‌లో రూపొందిన పాపీ రోబో డిజైన్ అందరికీ అందుబాటులో ఉంది. దాని శరీర భాగాలను త్రీడీ ప్రింటర్‌తో మళ్లీ చేసుకోవచ్చు. సాఫ్ట్‌వేర్ రోబోలోనో, ఇంట్లోని కంప్యూటర్‌లోనో నడిస్తే, కంపెనీ పోయినా రోబో నిలుస్తుంది. మాక్సీ అనే పిల్లల రోబో తయారీదారు 2024లో మూసివేత ప్రకటించాక, అలా నడిపే సాఫ్ట్‌వేర్‌ను ఉచితంగా ఇచ్చారు.

పరిశోధన పద్ధతీ మారాలి. ప్రతి ప్రయోగానికీ కొత్త రోబో అక్కర్లేదు. తొలి పరీక్షలు వీడియోలతో, కంప్యూటర్ నమూనాలతో చేయవచ్చు. ల్యాబుల్లోని పాత రోబోలను పంచుకోవచ్చు. ఒక్కపూటలో ముగిసే ప్రయోగంలో కనిపించేది చాలావరకు కొత్త వస్తువు మీది మోజు. నెలల తరబడి ఇంట్లో ఉంచి చూస్తేనే ఆ రోబో నిజంగా అవసరమో కాదో తేలుతుంది.

రోబో మీద పెరిగే మమకారం రెండువైపులా పనిచేస్తుంది: పాతదాన్ని బాగుచేయించుకునేలా చేయగలదు, కొత్త మోడల్ కొనిపించడానికీ ఉపయోగపడగలదు. మనిషి మనసుకు దగ్గరయ్యే యంత్రాన్ని అమ్మేవారు దాని విడిభాగాలకూ, సాఫ్ట్‌వేర్‌కూ, చివరి రీసైక్లింగ్‌కూ అమ్మకం నాడే పూచీ పడాలి.