బీడీల చాట, నిఖా కాగితము: పంచాయతీ సభ్యులు తెలిసికొనవలసిన సంగతులు

నిజామాబాదు పట్టణము నుండి బోధనుకు సుమారు 25 కిలోమీటర్లు. మంజీరా నదిపై 1931లో పూర్తియైన నిజాంసాగరు కాలువలు ఈ నేలకు నీరు తెచ్చినవి. నీటి వెంట చెరకు వచ్చినది. చెరకు వెంట 1937లో శక్కర్‌నగరులో నిజాం చక్కెర ఫ్యాక్టరీ వెలసినది. ఒకప్పుడు ఆసియాఖండములోనే పెద్దదని పేరుపొందిన ఆ ఫ్యాక్టరీ 2002లో ప్రైవేటు యాజమాన్యము క్రిందకు పోయి, 2015 డిసెంబరులో మూతపడినది. ఆ ఫ్యాక్టరీ కథను సభలలో, పత్రికలలో అందరును చెప్పుకొన్నారు. దాని చుట్టుపట్ల ఊళ్ళలో గడప లోపల కూర్చుండి, చాట ఒడిలో పెట్టుకొని దినమంతయు బీడీలు చుట్టు స్త్రీల కథను అంతగా ఎవరును చెప్పుకొనలేదు. ఈ నెల మేము పంచాయతీ సభ్యులకు వారి సంగతియే చెప్పదలచితిమి.

బీడీలు చుట్టువారు ముస్లిం స్త్రీలు మాత్రమే కారు. పద్మశాలీల ఇండ్లలోను, ఇతర కులముల ఇండ్లలోను ఈ పని ఉన్నది. అయినను ముస్లిం కుటుంబముల విషయములో ఒక విశేషము కలదు. పరదా పాటించు ఇంటిలో స్త్రీ నాట్లకును, కోతలకును పోవుట అరుదు. గడప దాటకుండ నాలుగు డబ్బులు తెచ్చిపెట్టు పని ఆమెకు ఇంచుమించు ఇది ఒక్కటే. వేరొక పనికి పోలేనివారికి బేరమాడు బలము ఉండదు. ఈ సంగతి పని ఇచ్చువారికి బాగుగా తెలియును.

పని తీరు ఇట్లుండును. తునికాకు, తంబాకు, దారము తూచి ఇంటికి ఇత్తురు. ఆకును తడిపి, కొలత ప్రకారము కత్తిరించి, తంబాకు నింపి, చుట్టి, దారము కట్టి, మూతి ముడిచి, కట్టలు కట్టి అప్పగించవలెను. కూలి వెయ్యి బీడీల లెక్కన ఉండును. వెయ్యి బీడీలు ఒక్కతే చుట్టవలెనన్న తెల్లవారినది మొదలు ప్రొద్దు గ్రుంకువరకు పట్టును. అందుచేతనే బడికి పోవలసిన కూతురు తల్లి ప్రక్కన కూర్చుండి మూతులు ముడుచుచుండును. ఇచ్చిన ఆకు చాలనిచో సొంత డబ్బుతో కొని లెక్క పూర్తి చేయవలెను. అప్పగించిన వాటిలో కొన్ని బాగులేవని తీసివేసి కూలి తగ్గింతురు. తీసివేసిన ఆ బీడీలను మాత్రము ఆమెకు తిరిగి ఇచ్చుట అరుదు. బాగులేనివాటిని దగ్గర ఉంచుకొనుట ఎందులకో అడుగువారు లేరు.

ఈ స్త్రీలకు చట్టము అండ లేకపోలేదు. బీడీ, సిగారు కార్మికుల కొరకు 1966లో ప్రత్యేక చట్టము వచ్చెను. 1976లో సంక్షేమ నిధి ఏర్పడెను. భవిష్యనిధి 1977లో ఈ పరిశ్రమకు వర్తించెను. కార్ఖానాలో కాక తన ఇంటిలో కూర్చుండి చుట్టువారికి కూడ భవిష్యనిధి హక్కు కలదని 1985లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. 1966 నాటి చట్టము స్థానములో 2025 నవంబరు 21 నుండి క్రొత్త కార్మిక స్మృతులు అమలులోనికి వచ్చినవి. చట్టము పేరు మారినను మూల సూత్రము ఒక్కటే: పుస్తకములో పేరున్నవారికే హక్కు. ఒక ఇంటిలో అత్త, కోడలు, ఇద్దరు కూతుళ్ళు చుట్టుచుండగా పుస్తకములో అత్త పేరు ఒక్కటియే ఉండును. తక్కిన ముగ్గురి శ్రమకు ఎక్కడను లెక్క లేదు. తెలంగాణ ప్రభుత్వము బీడీ కార్మికులకు ఇచ్చు నెలవారీ పింఛను మొదట 1,000 రూపాయలుగా ఆరంభమై 2019లో 2,016 రూపాయలైనది. ఆ పింఛనుకు భవిష్యనిధి ఖాతాయే ఆధారము. వార్డు సభ్యుడు తన వార్డులో ఎవరెవరు బీడీలు చుట్టుచున్నారో, వారిలో ఎందరికి ఖాతా సంఖ్య కలదో ఒక కాగితముపై వ్రాసికొన్నచో, ఆ రెండు సంఖ్యల నడుమ తేడాయే మిక్కిలి సంగతి చెప్పును.

ఇక ఆరోగ్యము మాట. తంబాకు నమలనివారికి, బీడీ త్రాగనివారికి దాని హాని లేదని మన ఊళ్ళలో ఒక నమ్మకము ఉన్నది. ఇది సరికాదు. తంబాకులోని నికోటిను చేతి చర్మము గుండ లోపలికి పోవును. తంబాకు పొడి గాలితోపాటు ఊపిరితిత్తులలోనికి పోవును. తలనొప్పి, తల తిరుగుడు, వికారము, దగ్గు, ఆయాసము ఇందువలన కలుగును. గంటల తరబడి వంగి కూర్చుండుటచే నడుము, మెడ పట్టుకొనును. వెలుతురు చాలని గదిలో చూపు అలసిపోవును. గర్భిణి ఈ పొడిలోనే కూర్చున్నచో కడుపులోని బిడ్డకు తగిన బరువు రాకపోవచ్చును. ఒంటిగది ఇంటిలో తంబాకు సంచి ఒక మూల, పసిబిడ్డ ఉయ్యాల మరొక మూల ఉండుట మేము చాలచోట్ల చూచితిమి. పని మానుమని చెప్పుట తేలిక. ఆ కూలి లేనిదే పొయ్యి వెలుగని ఇంటికి ఆ సలహా వలన ప్రయోజనము లేదు. కాని వాకిటిలోనో, కిటికీ దగ్గరనో కూర్చుండుట, ముక్కునకు నోటికి గుడ్డ కట్టుకొనుట, బిడ్డకు పాలిచ్చుటకును అన్నము కలుపుటకును ముందు సబ్బుతో చేతులు కడుగుకొనుట, తంబాకును మూత గల డబ్బాలో ఉంచుట, గంట కొకసారి లేచి నాలుగడుగులు వేయుట ఎవరికైనను సాధ్యమే.

రెండు వారములు దాటిన దగ్గును తంబాకు దగ్గేనని త్రోసివేయరాదు. అది క్షయ కావచ్చును. ప్రాథమిక ఆరోగ్య కేంద్రములో కఫ పరీక్షయు, మందులును ఉచితము. సామాన్యమైన క్షయకు ఆరు నెలల చికిత్స చాలును. క్షయరోగికి పోషకాహారము కొరకు 2018 ఏప్రిల్ నుండి నెలకు 500 రూపాయలు ఇచ్చుచుండిరి. 2024 నవంబరు నుండి దానిని 1,000 రూపాయలు చేసిరి. పెండ్లి కావలసిన పిల్లకు క్షయ ఉన్నదని నలుగురికి తెలిసినచో సంబంధములు రావని దాచిపెట్టు కుటుంబములు ఉన్నవి. కావున ఆశా కార్యకర్త వచ్చినప్పుడు వాకిటిలో నిలుచుండి గట్టిగా అడుగుట కంటె, లోపలికి పోయి తల్లితో మెల్లగా మాటాడుట మంచిది. రక్తహీనత సంగతి చెప్పనక్కరలేదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము తెలంగాణలో 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో 57.6 శాతము మందికి రక్తహీనత ఉన్నది. ఇది అన్ని మతముల స్త్రీలకు చెందిన లెక్క. వైద్యుడు పురుషుడైనచో కొందరు ముస్లిం స్త్రీలు పరీక్షకు రారు. మహిళా వైద్యురాలు ఏ దినమున వచ్చునో ముందుగా తెలిసికొని ఊరిలో చెప్పించుట పంచాయతీకి ఖర్చులేని పని. ఆ ప్రకటన ఉర్దూలో కూడ ఉండవలెను. 2017లో ఉర్దూను రాష్ట్రమంతటను రెండవ అధికారభాషగా చేసిరి గదా! అయినను చాల ఊళ్ళలో పంచాయతీ బల్లపై ఒక్క ఉర్దూ అక్షరము కానరాదు.

పెండ్లి విషయము ఇంతకంటె సున్నితమైనది. 2006 నాటి బాల్యవివాహ నిషేధ చట్టము వధువునకు 18, వరునకు 21 ఏండ్లు నిండవలెనని చెప్పుచున్నది. బాల్యవివాహము జరిపించినవారికి, ప్రోత్సహించినవారికి రెండేండ్ల వరకు కఠిన శిక్షయు, లక్ష రూపాయల వరకు జరిమానాయు పడవచ్చును. అయినను పై సర్వే ప్రకారము తెలంగాణలో 20–24 ఏండ్ల స్త్రీలలో 23.5 శాతము మందికి 18 నిండకముందే పెండ్లి జరిగినది. ఇదియు అన్ని మతముల లెక్కయే. 2014 అక్టోబరు 2న ఆరంభమైన షాదీ ముబారక్ పథకము ఈ అలవాటును కొంత కదిలించినది. పేద ముస్లిం కన్య పెండ్లికి మొదట 51,000 రూపాయలు, 2017లో 75,116 రూపాయలు, 2018లో 1,00,116 రూపాయలుగా ఈ సాయము పెరిగినది. పెండ్లినాటికి పిల్లకు 18 నిండియుండవలెనన్నది దాని షరతు. చెక్కు తల్లి పేర వచ్చును. పదునారేండ్ల పిల్ల తండ్రి రెండేండ్లు ఓపిక పట్టుటకు ఇది ఒక కారణమైనది. అయితే కొందరు ఓపిక పట్టుటకు బదులు వయస్సును పట్టి లాగుదురు. ఆధారులో ఏడాది మార్పించుటకును, సిఫారసు కొరకును వార్డు సభ్యుని ఇంటికే మొదట వత్తురు. ఇరుగుపొరుగు మొగమాటము వలన సంతకము చేసిన సభ్యుడు కూడ చట్టము ముందు నిలువవలసి వచ్చును.

ఈ చిక్కునకు మొదటి మందు జనన నమోదు. బిడ్డ పుట్టిన 21 దినములలో నమోదు చేయించుట 1969 నాటి చట్టము విధించిన బాధ్యత. 2023 అక్టోబరు 1 తరువాత పుట్టినవారికి బడిలో చేరుటకు, ఉద్యోగమునకు, వివాహ నమోదునకు జనన ధ్రువపత్రమే ఆధారము. పిల్ల బడిలో నిలిచినచో పెండ్లి దానంతట అదే వెనుకకు జరుగును. 2016లో తెలంగాణలో మైనారిటీ గురుకులములు ఆరంభమై తరువాత 204 వరకు పెరిగినవి. బాలికలకు వేరుగా గురుకులములు కలవు. భోజనము, బస, చదువు ఉచితము. ఇంటివద్ద మూతులు ముడుచు పిల్లకు ఇంతకంటె దగ్గరి దారి మాకు కనబడలేదు.

నిఖా సమయమున వ్రాయు మెహర్‌ను గురించి ఒక మాట. మెహర్ వరుడు వధువునకు ఇవ్వవలసినది. అది ఆమె సొత్తు. కొంత వెంటనే ఇచ్చునది, కొంత తరువాత ఇచ్చునది అని రెండు విధములు. 1961 నాటి వరకట్న నిషేధ చట్టము మెహర్‌ను కట్నముగా లెక్కింపలేదు. మన ప్రాంతమున జోడే కీ రకమ్ అని పిలుచు సొమ్ము మాత్రము పిల్ల తండ్రి వరునకు ఇచ్చునది. పేరు ఏదైనను అది కట్నమే. షరియత్ చెప్పిన మెహర్ కాగితముపై మిగిలిపోయి, షరియత్ చెప్పని కట్నము చేతులు మారుచున్నది. ఈ మాట మసీదు పెద్దలే మాకంటె గట్టిగా చెప్పగలరు.

తలాక్ విషయమున పంచాయతీ సభ్యులు మిక్కిలి జాగరూకులై ఉండవలెను. ఒక్క గుక్కలో మూడుసార్లు చెప్పు తలాక్ చెల్లదని 2017 ఆగస్టు 22న సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. 2019 నాటి చట్టము దానిని నేరముగా చేసి మూడేండ్ల వరకు శిక్ష విధించినది. నోటితో చెప్పినను, కాగితముపై వ్రాసినను, గల్ఫు నుండి ఫోనులో పంపినను ఒక్కటియే. భార్య గాని, ఆమె రక్తసంబంధి గాని, వివాహసంబంధి గాని ఫిర్యాదు చేయవచ్చును. ఇతరులు చేయరాదు. అనగా ఊరివారు ఆమెను కాదని ముందుకు ఉరుకుటయు, ఆమె కోరినప్పుడు వెనుకాడుటయు రెండును తప్పే. గడువు ఇచ్చి, రాజీకి అవకాశముంచి చెప్పు తలాక్ పద్ధతులను ఈ చట్టము తాకలేదు.

ఊళ్ళలో జరుగునది వేరొకటి. పెద్దమనుషులు కూర్చుండి, స్టాంపు కాగితముపై కొంత సొమ్ము వ్రాసి, ఇక ఏమియు అడుగనని ఆమెచే వ్రేలిముద్ర వేయింతురు. ప్రక్కన సాక్షి సంతకము పంచాయతీ సభ్యునిది. ఆ కాగితము చూచి భరణము హక్కు పోయినదని ఆమె నమ్మును. భరణము చట్టము ఇచ్చిన హక్కు. ఊరి కాగితముతో అది పోదు. 1985లో షా బానో వ్యాజ్యములో విడాకులు పొందిన ముస్లిం స్త్రీకి భరణపు హక్కు కలదని సుప్రీంకోర్టు చెప్పెను. 1986లో ప్రత్యేక చట్టము వచ్చెను. ఇద్దత్ కాలములోనే ఆమె భవిష్యత్తుకు సరిపడు ఏర్పాటు భర్త చేయవలెనని 2001లో సుప్రీంకోర్టు ఆ చట్టమునకు అర్థము చెప్పెను. తెలంగాణ నుండి పోయిన ఒక వ్యాజ్యములో 2024 జూలై 10న అదే కోర్టు సందేహమును తీర్చినది: విడాకులు పొందిన ముస్లిం స్త్రీ అందరు స్త్రీల వలె సాధారణ చట్టము క్రింద కూడ భరణము కోరవచ్చును. పూర్వము 125వ సెక్షను అని పిలిచినది 2024 జూలై 1 నుండి నాగరిక సురక్షా సంహితలో 144వ సెక్షను అయినది.

భర్త గల్ఫుకు పోయి ఏండ్లు గడిచినను ఉత్తరము లేదు, డబ్బు లేదు అను ఇండ్లు మన జిల్లాలో ఉన్నవి. అట్టి స్త్రీ అటు సుమంగళియు కాదు, ఇటు విడిపడినదియు కాదు. 1939 నాటి ముస్లిం వివాహముల రద్దు చట్టము ప్రకారము భర్త రెండేండ్లు పోషింపకున్నను, నాలుగేండ్లు జాడ తెలియకున్నను, క్రూరముగా ప్రవర్తించినను ఆమె కోర్టు ద్వారా విడాకులు పొందవచ్చును. ఖులా కోరుటకు భార్యకు గల హక్కు భర్త అంగీకారముపై ఆధారపడదని తెలంగాణ హైకోర్టు 2025 జూనులో తీర్పు చెప్పినది. కోర్టు ఖర్చులకు భయపడనక్కరలేదు. స్త్రీకి ఆదాయముతో నిమిత్తము లేకుండ ఉచిత న్యాయసహాయము 1987 నాటి చట్టము ఇచ్చినది. న్యాయసేవాధికార సంస్థ ఫోను 15100. ఆపదలోనున్న స్త్రీకి 181, పిల్లలకు 1098.

విరాసత్ చేయునపుడు కూతుళ్ళ పేర్లు వదలుట మరొక అలవాటు. ముస్లిం ధర్మశాస్త్రములో కూతురికి కొడుకు వాటాలో సగము, బిడ్డలు గల భార్యకు ఎనిమిదవ వంతు స్పష్టముగా ఉన్నవి. చెల్లెలు ప్రేమతో వదలుకొన్నదని అన్న చెప్పినప్పుడు, ఆ మాట చెల్లెలి నోట వినిన పిమ్మటనే సాక్షి సంతకము చేయుట న్యాయము.

వివాహ నమోదును 2002 నాటి చట్టము అన్ని మతములకు తప్పనిసరి చేసినది. ఖాజీ వ్రాసిన నిఖా కాగితము చేతనున్నను పంచాయతీ కార్యదర్శి పుస్తకములో కూడ ఆ వివాహము ఎక్కవలెను. భరణపు వ్యాజ్యములో మొదటి ప్రశ్న పెండ్లి జరిగినదా అన్నదే. మెహర్ ఎంత, వయస్సు ఎంత, సాక్షులు ఎవరు అన్నవి ఆ దినముననే వ్రాసియున్నచో పదేండ్ల పిమ్మట ఆమె ఎవరిని బ్రతిమాలనక్కరలేదు. వచ్చు గ్రామసభనాటికి గత ఏడాది ఊరిలో జరిగిన నిఖాలు ఎన్ని, పుస్తకములో ఎక్కినవి ఎన్ని అని కార్యదర్శిని అడిగి చూడుడు.