శిబిరం నడుమ... శిబిరం వెలుపల

శతాధిపతులు మనకు కొత్త నిబంధనలో పదే పదే ఎదురవుతారు. కపెర్నహూములో తన దాసుని కోసం ప్రభువును వేడుకున్న శతాధిపతి, సిలువకు ఎదురుగా నిలిచిన శతాధిపతి, కైసరయలో ఇటలీ పటాలానికి చెందిన కొర్నేలీ... వీరి విశ్వాసం గురించి ఎన్నో ప్రసంగాలు విన్నాం. కానీ రోమా సైనికుడు ఎలాంటి చోట తలదాచుకునేవాడో, ఏ క్రమంలో బతికేవాడో మనం అంతగా ఆలోచించం. అతని శిబిరాన్ని ఒకసారి చూస్తే ఆ మనుషులూ, వారి విశ్వాసం విలువా మనకు మరింత దగ్గరవుతాయి.

క్రీస్తుపూర్వం 2వ శతాబ్దంలో జీవించిన గ్రీకు చరిత్రకారుడు పొలీబియస్ ఆ శిబిరాన్ని వివరంగా వర్ణించాడు. సేన విడిది చేసే చోట ముందుగా ఒక తెల్లజెండా పాతేవారు. అది సేనాధిపతి గుడారం ఉండాల్సిన స్థలం. ఆ జెండా నుంచి నాలుగు వైపులా నూరేసి అడుగులు కొలిచి చతురస్రం గీసేవారు. మిగతా వీధులు, గుడారాల వరుసలు అన్నీ అక్కడి నుంచి కొలిచినవే. గుడారాలకూ చుట్టూ ఉన్న కట్టకూ మధ్య 200 అడుగుల ఖాళీ వదిలేవారు. శత్రువు విసిరిన ఈటెలు గుడారాలను చేరవు, కొల్లగొట్టి తెచ్చిన పశువులను కట్టుకోవడానికీ చోటుంటుంది. ఎక్కడ విడిది చేసినా ఇదే ప్లాను. అందుకే సైనికులు సొంత ఊరికి తిరిగొచ్చినవారిలా తడబడకుండా ఎవరి చోటికి వారు వెళ్లిపోయేవారని పొలీబియస్ అంటాడు.

ఆ క్రమమంతా అంకెల మీద నిలబడింది. చక్రవర్తుల కాలంలో ఒక గుడారానికి 8 మంది. అలాంటివి 10 కలిస్తే శతాధిపతి దళం. పేరులో నూరున్నా అతని కింద సాధారణంగా ఉండేది 80 మందే! ఆ దళాలు 6 కలిస్తే ఒక పటాలం, పటాలాలు 10 అయితే ఒక లెజియన్. గెరాసేనుల దేశంలో దయ్యం పట్టినవాడు తన పేరు ‘సేన’ అని చెప్పినప్పుడు వాడిన మాట ఇదే. శిబిరానికి గుమ్మాలు నాలుగు, రాత్రికి జాములు నాలుగు, ఒక్కో కాపలాకు మనుషులు నలుగురు. యూదుల పాత లెక్కలో రాత్రికి మూడే జాములు. ప్రభువు సముద్రం మీద నడిచి వచ్చింది నాలుగవ జామున అని మత్తయి రాసినప్పుడు వాడింది రోమీయుల లెక్క. పేతురు చెరసాల దగ్గర హేరోదు పెట్టిన కాపలా కూడా నలుగురేసి ఉన్న నాలుగు గుంపులే.

ఈ నాలుగు అనే లెక్క వెనుక ఆకాశం కూడా ఉంది. రోమా శకున పండితుడు వంకీ కర్రతో ఆకాశాన్ని భాగాలుగా విభజించి, తాను గీసిన హద్దుల్లో పక్షుల గమనాన్ని చూసేవాడు. అలా హద్దులు గీసిన చోటుకే ‘టెంప్లమ్’ అని పేరు. భూమిని కొలిచే సర్వేయర్లు కూడా తమ విద్య అక్కడి నుంచే వచ్చిందని రాసుకున్నారు. సూర్యుడు నడిచే దారిలో తూర్పు పడమరలుగా ఒక గీత, దానికి అడ్డంగా ‘కార్డో’ అనే మరో గీత. కార్డో అంటే తలుపు తిరిగే ఇరుసు. ఆకాశం తిరిగే ఇరుసు వైపు చూస్తుంది కాబట్టి ఆ పేరు. శిబిరంలోనూ సేనాధిపతి గుడారం ముందు, వీధులు కలిసే చోట ‘గ్రోమా’ అనే పరికరాన్ని నిలిపేవారు. అడ్డంగా పెట్టిన కర్రల కొసల నుంచి మేస్త్రీల తూకం గుండులాంటివి వేలాడేవి. వాటిని చూస్తూ నేరుగా గీతలు గీసేవారు.

అయితే ప్రతి శిబిరమూ దిక్కులకు సరిగ్గా ఉండేదని మనం అనుకోకూడదు. ముఖద్వారం తూర్పుకైనా, శత్రువు వైపుకైనా ఉండవచ్చని వెజీషియస్ అనే రచయిత చెప్పాడు. అవసరమే ముందు, అర్థం తరువాత. కానీ ప్రతి రాత్రీ అదే నాలుగు గుమ్మాల మధ్య పడుకునేవాడికి ఆ కట్టే లోకానికి హద్దు అనిపించడంలో వింతేముంది? ఆ హద్దు దాటితే ఏమవుతుందో కూడా అతనికి తెలుసు. కాపలా చోటు విడిచి పారిపోయిన దళంలో చీట్లు వేసి, సుమారు పదిమందిలో ఒకరిని కొట్టి చంపేవారు. మిగిలినవారికి గోధుమలకు బదులు బార్లీ ఇచ్చి, కట్ట వెలుపల గుడారాలు వేసుకోమనేవారు. శిబిరం వెలుపల అంటే అవమానం!

మరి శిబిరం నడుమ ఏముంది? సేనాధిపతి గుడారం ఆలయంలా ఉంటుందని యూదు చరిత్రకారుడు జోసెఫస్ రాశాడు. శాశ్వత శిబిరాల్లో నడిమధ్య ఒక గుడి కట్టి అందులో సేన ధ్వజాలను ఉంచేవారు. పండుగ రోజుల్లో వాటిని పూలదండలతో అలంకరించేవారు, చక్రవర్తి పేరిట ప్రమాణం చేసేవారు. సంఖ్యాకాండంలోని ఇశ్రాయేలీయుల పాళెం మనకు గుర్తొస్తుంది. అక్కడా నాలుగు వైపులు, వైపుకు మూడేసి గోత్రాలు. నడుమ మాత్రం ప్రత్యక్షపు గుడారం. ఏ శిబిరానికైనా ప్రాణం దాని నడుమనే ఉంటుంది.

ఆ ధ్వజాల కింద పనిచేస్తూ క్రీస్తును నమ్మడం తేలిక కాదు. చక్రవర్తి కానుకలు పంచుతున్న రోజున ఒక క్రైస్తవ సైనికుడు లారెల్ ఆకుల కిరీటాన్ని తలపై పెట్టుకోవడానికి నిరాకరించి చెరసాల పాలైన సంగతి 3వ శతాబ్దం మొదట్లో టెర్టుల్లియన్ రాశాడు.

అదే శతాబ్దపు మరో సాక్ష్యం 2005లో ఇశ్రాయేలులోని మెగిద్దో దగ్గర బయటపడింది. అక్కడి జైలును విస్తరించడానికి తవ్వుతుంటే ఒక ప్రార్థనా మందిరపు నేల కనిపించింది. రంగురాళ్లు పొదిగిన ఆ నేల మీద గ్రీకు అక్షరాలున్నాయి. దానికైన ఖర్చు భరించినవాడు గయానస్ అనే శతాధిపతి. ‘మన సహోదరుడు’ అని కూడా అతని గురించి అక్కడ రాసి ఉంది. శతాధిపతి, సహోదరుడు... రెండు మాటలూ పక్కపక్కనే! అక్కెప్తూస్ అనే స్త్రీ దేవుడైన యేసుక్రీస్తుకు జ్ఞాపకార్థంగా ఒక బల్ల ఇచ్చిందని మరో శాసనం చెబుతోంది. ప్రిమిల్ల, కురియక, దొరొతెయ, క్రెస్తె అనే మరో నలుగురు స్త్రీలను జ్ఞాపకం చేసుకోమని ఇంకొకటి కోరుతోంది.

ఆ మందిరానికి దగ్గరలోనే ఆరవ లెజియన్ శాశ్వత శిబిరం ఉండేది. పురావస్తు శాస్త్రజ్ఞులు దాన్ని 2013 నుంచి తవ్వుతున్నారు. పొడవు సుమారు 550 మీటర్లు, వెడల్పు 350 మీటర్లు. దాని నడుమ ధ్వజాలు. కొద్ది దూరంలోని మందిరం నడుమ ఒక స్త్రీ ఇచ్చిన బల్ల. అక్కడ వరుస సంఖ్యలు లేవు, హోదాల లెక్క లేదు. సేనను నడిపేవాడి పేరూ, నలుగురు స్త్రీల పేర్లూ ఒకే నేల మీద ఉన్నాయి.

ఆ మందిరం శిబిరం లోపల లేదు, వెలుపల ఉంది. ప్రభువు గుమ్మం వెలుపల శ్రమపడ్డాడనీ, మనమూ శిబిరం వెలుపలికి ఆయన దగ్గరకు వెళ్లాలనీ హెబ్రీయులకు రాసిన పత్రిక పిలుస్తోంది. సైనికుడికి అవమానంగా తోచే చోటు అది. గయానస్ తన డబ్బుతో నేల పరిపించింది అక్కడే.

మన దినచర్యకూ కొలతలున్నాయి, వరుసలున్నాయి, జాములున్నాయి. అవి తప్పు కాదు. మన తెల్లజెండా ఎక్కడ పాతామన్నదే ప్రశ్న. అది పాతిన చోటి నుంచే మిగిలిన జీవితమంతా కొలవబడుతుంది.