వెనుక చక్రం ఎందుకు గెంతుతుంది?

ఒక సుద్దముక్క తీసుకోండి. దాన్ని నల్లబల్లకు ఆనించి, కొన ముందు, మీ చేయి వెనుక ఉండేటట్టు ఏటవాలుగా పట్టుకుని, గట్టిగా నొక్కుతూ ముందుకు తోయండి. కిర్రుమని చప్పుడవుతుంది. బల్లమీద గీతకు బదులు చుక్కల వరుస పడుతుంది. అంటే సుద్ద బల్లను అంటిపెట్టుకుని జారకుండా, గెంతుతూ పోయిందన్నమాట. ఇప్పుడు అదే సుద్దను చేయి ముందు, కొన వెనుక ఉండేటట్టు పట్టుకుని లాగండి. గీత చక్కగా పడుతుంది. సుద్ద మారలేదు, బల్ల మారలేదు. మారింది పట్టుకున్న తీరు ఒక్కటే.

ఇలాంటి చుక్కల గీతనే కొన్ని బండ్లు రోడ్డు మీద గీస్తాయి. డ్రైవరు ఒక్కసారిగా యాక్సిలరేటరు తొక్కగానే వెనుక చక్రాలు దడదడమని గెంతుతాయి. బండి అదురుతుంది గాని ముందుకు సరిగా కదలదు. ఆ తర్వాత చూస్తే రోడ్డు మీద టైరు మచ్చలు ఎడమెడంగా కనిపిస్తాయి. ఇంజనులో బలం లేకనా? కాదు. రోడ్డు గతుకులమయమా? అదీ కాదు. మరి కారణమేమిటి?

కమాన్ కట్ట మెలిపడితే...

జగిత్యాల జిల్లా మల్యాల మండలంలో కొండగట్టు ఉంది. అక్కడి ఆంజనేయస్వామి గుడికి ఘాట్ రోడ్డు మీదుగా బండ్లు ఎక్కుతుంటాయి. అటువంటి ఎత్తు మీద ఆగిన పాతకాలపు జీపు మళ్ళీ బయలుదేరేటప్పుడు, దూరంగా ఒక పక్కన నిలబడి దాని వెనుక చక్రాన్ని గమనించండి. చక్రం దగ్గర ఉక్కు పట్టీలు ఒకదాని మీద ఒకటి పేర్చి కట్టిన స్ప్రింగు ఉంటుంది. మన మెకానిక్కులు దాన్ని కమాన్ కట్ట అంటారు. రెండు కట్టల నడిమి భాగాలకు, అడ్డంగా ఉన్న వెనుక ఇరుసును యూ బోల్టులతో బిగిస్తారు. ఇరుసు మధ్యలో గుండ్రటి ఉబ్బులాంటి భాగం ఉంటుంది. ఇంజను నుంచి వచ్చే పొడవాటి షాఫ్టు అందులోని పళ్ళచక్రాలను తిప్పుతుంది. అవి చక్రాలను తిప్పుతాయి.

ఇక్కడ న్యూటన్ మూడవ గమన నియమాన్ని గుర్తు చేసుకోండి. ప్రతి చర్యకూ సమానమైన ప్రతిచర్య వ్యతిరేక దిశలో ఉంటుంది. చక్రాలను ముందుకు తిప్పే బలం ఎంతో, ఇరుసు పెట్టెను వెనక్కి తిప్పే బలమూ అంతే. అందుకే బండి కదిలే క్షణంలో ఇరుసు పెట్టె ముక్కు పైకి లేవబోతుంది. దాన్ని ఆపవలసినది కమాన్ కట్ట. కాని కట్ట ఉక్కుదిమ్మె కాదు, వంగడానికి పుట్టిన వస్తువు. కాబట్టి ఇరుసుకు ముందున్న సగం పైకి, వెనుకనున్న సగం కిందికి వంగి, కట్ట మొత్తం పాములా మెలిపడుతుంది. లాగిన విల్లులో ఉన్నట్టే అందులో స్థితిజశక్తి నిలవ చేరుతుంది.

టైరు రోడ్డును పట్టుకుని ఉన్నంతసేపూ ఈ శక్తి కట్టలోనే ఉంటుంది. టైరు జారిందా, విల్లు వదిలినట్టే. ఇరుసు వెనక్కి తిరిగి మామూలు స్థితికి దూకుతుంది, టైరు పైకి ఎగురుతుంది. మళ్ళీ కిందపడి రోడ్డును పట్టుకోగానే కట్ట తిరిగి మెలిపడుతుంది, మళ్ళీ జారుతుంది. సుద్దముక్క చేసిన పని ఇదే.

కొంచెం లెక్క వేద్దాం

నిలకడగా ఉన్న వస్తువును కదిలించడానికి కావలసిన బలం కంటే, జారుతున్న దాన్ని జారుతూ ఉంచడానికి కావలసిన బలం తక్కువని మీరు చదువుకున్నారు. మొదటిది సీమాంత ఘర్షణ, రెండవది జారుడు ఘర్షణ. ఈ రెండింటి మధ్య తేడాయే గెంతుకు మూలం.

ఉదాహరణకు, ఒక చిన్న కారు వెనుక చక్రాల మీద 600 కిలోల బరువు పడుతుందనుకోండి. అంటే సుమారు 6000 న్యూటన్లు. జారక ముందు ఘర్షణ గుణకం 0.9, జారుతున్నప్పుడు 0.7 అనుకుందాం. అప్పుడు రోడ్డు పట్టు మొదట 5400 న్యూటన్లు, జారగానే 4200 న్యూటన్లు. చక్రం వ్యాసార్ధం 0.3 మీటర్లయితే, ఇరుసును మెలిపెట్టే టార్కు 1620 న్యూటన్-మీటర్ల నుంచి ఒక్కసారిగా 1260కి పడిపోతుంది. ఆ 360 న్యూటన్-మీటర్ల తేడా రెప్పపాటులో పోయి, మరో రెప్పపాటులో తిరిగి వస్తుంది. సమ్మెటతో ఒకటే పనిగా కొడుతున్నట్టే!

ఇంజను వైపు చూడండి. అది 400 న్యూటన్-మీటర్ల టార్కు ఇస్తుందనుకుందాం. మొదటి గేరులో అది 3 రెట్లు, ఇరుసులోని పళ్ళచక్రాల వల్ల మరో 3.5 రెట్లు పెరుగుతుంది. మొత్తం 4200. టైరు మోయగలిగిందేమో 1620! తేలికైన బండిలో పెద్ద ఇంజను పెడితే వచ్చే చిక్కంతా ఈ రెండు అంకెల మధ్యనే ఉంది.

నకలు కార్ల తంటా

అలాంటి బండికి పేరుమోసిన ఉదాహరణ కోబ్రా. బ్రిటన్‌కు చెందిన ఏసీ కంపెనీ చేసే తేలికపాటి కారులో, 1962లో అమెరికా పందెపు డ్రైవరు కారల్ షెల్బీ బలమైన ఫోర్డు వీ-8 ఇంజను పెట్టించాడు. అసలు కోబ్రాలు తయారైనవి సుమారు వెయ్యి మాత్రమే. వాటిమీది మోజుతో గాజునార శరీరాలతో నకలు కార్లు మాత్రం లెక్కలేనన్ని పుట్టాయి. అసలు కారులో వెనుక చక్రాలు దేనికది విడిగా కదిలేవి. చాలా నకళ్ళలోనేమో, ఇతర కార్ల నుంచి తీసిన ఒంటి ఇరుసును తెచ్చి బిగిస్తారు. ఇరుసు ఒక బండిది, ఇంజను మరొక బండిది, స్ప్రింగులు ఇంకొక దానివి. అవి ఒకదానితో ఒకటి పొసగకపోతే చక్రాలు గెంతడంలో వింతేముంది?

పెద్ద కంపెనీలకూ ఈ తిప్పలు తప్పలేదు. 1967 మోడల్ షెవర్లే కమారో కారులో వెనుక షాక్ అబ్జార్బర్లు రెండూ ఇరుసుకు ఒకే వైపున ఉండేవి. గట్టిగా తొక్కితే చక్రాలు గెంతేవి. 1968 మోడల్‌లో ఒకదాన్ని ఇరుసుకు ముందు, రెండవదాన్ని వెనుక అమర్చారు. ఇరుసు ఎటు మెలితిరగబోయినా ఏదో ఒకటి అడ్డుకుంటుందన్నమాట. ఇంజను బలం తగ్గించలేదు. పట్టుకునే చోటు మార్చారు.

సెకనుకు 10 గెంతులు

ఊయలను సరియైన సమయంలో తోస్తూ ఉంటే చిన్న తోపులకే ఎత్తుకు పోతుంది. దీన్నే అనునాదం అంటారు. ఇరుసుకూ తనదైన సహజ పౌనఃపున్యం ఉంది. కింద టైరు, పైన స్ప్రింగు. రెండు స్ప్రింగుల మధ్య చిక్కిన బరువు అది. ఒక్కొక్క చక్రం వైపు కదిలే బరువు 60 కిలోలు, టైరు, స్ప్రింగు కలిసిన బిగువు మీటరుకు 2,25,000 న్యూటన్లు అనుకుని లెక్క కడితే, సెకనుకు సుమారు 10 కంపనాలు వస్తాయి. కారు శరీరమేమో సెకనుకు ఒకటి రెండు సార్లు మాత్రమే మెల్లగా ఊగుతుంది. అందుకే గెంతు వచ్చినప్పుడు ఊగినట్టుండదు, దడదడలాడినట్టుంటుంది.

రోగమెక్కడుంది?

మంచి వైద్యుడు నాడి చూడకుండా మందివ్వడు. మంచి మెకానిక్కు కూడా అంతే. అతను వేసే మొదటి ప్రశ్న: "ఎప్పుడు గెంతుతోంది?"

ఒకానొక వేగం దగ్గర మాత్రమే అదురు వస్తే అది వేరే జబ్బు. మనం చెప్పుకున్న చక్రం చుట్టుకొలత సుమారు 1.9 మీటర్లు. బండి గంటకు 68 కిలోమీటర్ల వేగంతో పోతే అది సెకనుకు 10 సార్లు తిరుగుతుంది. చక్రంలో ఒక పక్క బరువెక్కువైతే, ప్రతి చుట్టుకూ ఒక తోపు చొప్పున సరిగ్గా ఇరుసు పౌనఃపున్యంతో కలుస్తుంది. దానికి కావలసింది చక్రాల బ్యాలెన్సింగు. అలాకాక బయలుదేరేటప్పుడు లేదా గట్టిగా బ్రేకు వేసినప్పుడు మాత్రమే గెంతితే, మనం వెతుకుతున్న జబ్బు అదే.

తర్వాత కారు వెనుక మూలను చేతులతో బలంగా కిందికి నొక్కి వదలాలి. పైకి లేచి వెంటనే నిలిచిపోతే షాక్ అబ్జార్బరు బాగున్నట్టే. రెండు మూడు సార్లు ఊగితే అది అరిగిపోయింది. అటు తర్వాత కమాన్ కట్టలో విరిగిన పట్టీలున్నాయా, యూ బోల్టులు వదులయ్యాయా, చివరల్లోని రబ్బరు బుష్షులు నలిగిపోయాయా అని చూడాలి. బుష్షులో కొద్దిపాటి ఖాళీ ఉన్నా, ఇరుసు ఆ ఖాళీలో వెనక్కీ ముందుకూ కొట్టుకుంటుంది. రెండు టైర్లలో గాలి సమంగా ఉందో లేదో కూడా చూడాలి.

ఇప్పటి సెల్‌ఫోన్లు కూడా ఇందుకు పనికొస్తాయి. కొన్ని ఫోన్లు సెకనుకు 240 బొమ్మలు తీస్తాయి. సెకనుకు 10 గెంతులైతే ఒక్కొక్క గెంతుకు 24 బొమ్మలు! ఇరుసు పెట్టె మీద తెల్లరంగుతో ఒక గీత గీసి, పక్కనుంచి తీసిన బొమ్మలను నెమ్మదిగా చూస్తే, మొదట ఇరుసు మెలితిరిగిందా, మొదట టైరు లేచిందా తేలిపోతుంది. అయితే ఈ పనులన్నీ పెద్దవాళ్ళు, అదీ ఖాళీ మైదానంలో చేయవలసినవి. జాకీ మీద మాత్రమే నిలిపిన బండి కిందికి ఎవరూ, ఎప్పుడూ దూరకూడదు.

మందు ఏమిటి?

చాలామంది మొదట చేసే పని ఇంకా గట్టి స్ప్రింగులు వేయడం. మెలిపడటం కొంత తగ్గినా, గతుకు తగిలినప్పుడు టైరు రోడ్డు నుంచి తేలిగ్గా లేచిపోతుంది. రోగి ఒకటి తప్పించుకుని మరొకటి తెచ్చుకున్నట్టవుతుంది.

మేలైన మార్గం పనులు విడదీయడం. బరువు మోయడం స్ప్రింగు పని. ఇరుసు మెలితిరగకుండా పట్టుకోవడం మరొకదానికి అప్పగించాలి. ఇరుసు నుంచి ముందుకు, చట్రం వరకు ఒక ఉక్కు కడ్డీ బిగిస్తే ఆ పని జరుగుతుంది. ఇరుసు పైకీ కిందికీ కదలగలదు, మెలితిరగలేదు. నకలు కార్లలో ఇలాంటి కడ్డీలు నాలుగు పెట్టడం కద్దు. దీనితోపాటు అరిగిన బుష్షులు, షాక్ అబ్జార్బర్లు మార్చాలి. ఒకసారికి ఒక్కటే మార్చి, ప్రతిసారీ పరీక్షించాలి. నాలుగూ ఒక్కసారే మారిస్తే, జబ్బు తగ్గినా ఏ మందుతో తగ్గిందో తెలియదు. మీ పాఠశాల ప్రయోగశాలలోనూ ఈ నియమమే కదా!

నడుస్తూ ఉండగా గెంతు మొదలైతే డ్రైవరు చేయవలసింది ఒక్కటే: యాక్సిలరేటరు మీది కాలును తేలిక చేయడం. ఇంకా తొక్కితే ఆ సమ్మెట దెబ్బలకు షాఫ్టు గాని పళ్ళచక్రం గాని విరగవచ్చు.

అరచేయంత చోటు

ఇదంతా పందెపు కార్ల ముచ్చట అనుకోకండి. గట్టిగా బ్రేకు వేసినప్పుడు ఇరుసు ముందువైపుకు మెలితిరుగుతుంది. బరువు ముందు చక్రాల మీదికి జరిగి వెనుక చక్రాలు తేలికవుతాయి. ఘాట్ దిగేటప్పుడు వాలు కూడా దానికి తోడవుతుంది. గెంతే చక్రం గాలిలో ఉన్న క్షణాన, బ్రేకు ఎంత మంచిదైనా దానికి పట్టుకోవడానికి రోడ్డు దొరకదు.

2018 సెప్టెంబరు 11న కొండగట్టు ఘాట్ రోడ్డు మీద ఆర్టీసీ బస్సు లోయలో పడి 60 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. బస్సులో ఉండవలసిన వారికంటే చాలా ఎక్కువమంది ప్రయాణిస్తున్నారు. ఆ ప్రమాదం చక్రం గెంతడం వల్ల జరిగిందని చెప్పడం లేదు. కాని అది నేర్పే పాఠం ఒక్కటే: బండి ఎంత పెద్దదైనా, దాన్ని రోడ్డుకు పట్టి ఉంచేది ఒక్కొక్క టైరు కింద ఇంచుమించు అరచేయంత చోటే. బరువు మితిమీరితే, వాలు పెరిగితే, ఒక బుష్షు అరిగితే, భారమంతా ఆ చోటు మీదనే పడుతుంది.

కాబట్టి బండి అదిరితే "పాత బండి కదా, అంతేలే" అని ఊరుకోకూడదు. అదురు బండి మాట్లాడే భాష. ఎప్పుడు అదిరింది, ఎంత వేగంగా అదిరింది, ఏ చక్రం దగ్గర అదిరింది అని అడిగి చూస్తే, అది తన జబ్బు పేరు తానే చెబుతుంది.