సాంచాను బాగుచేద్దామా, మార్చేద్దామా?

“ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు” అన్నారు మన పెద్దలు. ఉన్న ఇంటిని కూలగొట్టి మళ్ళీ కట్టడం అంతకన్నా కష్టం. కొత్త ఇల్లు లేచేదాకా సంసారం ఎక్కడ పెట్టాలి? భివండీలో మన పద్మశాలీ కుటుంబాలకు ఈ చిక్కు సాంచాల దగ్గర వస్తుంది. తెలంగాణ జిల్లాల నుంచి వచ్చి పద్మానగర్‌లో స్థిరపడిన ఎన్నో కుటుంబాలకు మరమగ్గమే బతుకు. ఆ పాత మగ్గాన్ని బాగుచేయించుకోవాలా, పాత ఇనుముకు అమ్మేసి కొత్తది తెచ్చుకోవాలా?

పాత సాంచాలో పేక నూలును నాడె అటూ ఇటూ మోస్తుంది. నిమిషానికి సుమారు 100 నుంచి 150 సార్లు. నాడె లేని రేపియర్ మగ్గం 300 సార్లకు పైనే. గుడ్డలో తప్పులూ తక్కువ. లెక్క చూస్తే కొత్తదే మేలనిపిస్తుంది.

అయితే పాతది చెప్పకుండా చేసే పనులు కొన్ని ఉంటాయి. నాడె వెనక్కి తిరిగినప్పుడల్లా పేక పోగు మడత పడి, గుడ్డకు అంచు దానంతటదే కుదురుతుంది. రేపియర్‌లో పోగును ప్రతిసారీ కత్తిరిస్తారు కాబట్టి అంచును విడిగా బిగించాలి. కొత్త మగ్గం వేగానికి నాసిరకం పడుగు తట్టుకోదు. చిన్న చిన్న లోపాలను చెవితో విని సరిచేసే జాబర్ విద్య ఎలక్ట్రానిక్ పలక ముందు చాలదు. కండెలు చుట్టేవారికి పనే ఉండదు. వీటన్నిటినీ మించి, సేటు ఇచ్చే నూలుకు కూలి నేసే చిన్న యజమానికి బజారు పడిపోయినా బ్యాంకు వాయిదా ఆగదు.

అందుకే మధ్యేమార్గం ఒకటి వచ్చింది. 2017 ఏప్రిల్ 1న కేంద్ర ప్రభుత్వం భివండీలోనే ప్రారంభించిన పవర్‌టెక్స్ ఇండియా పథకంలో, ఉన్న సాంచాకే కొత్త భాగాలు అమర్చుకోవడానికి సాయం ఇచ్చారు. పోగు తెగితే మగ్గాన్ని ఆపే పరికరం, పడుగును సమంగా వదిలే ఏర్పాటు వంటివి అందులో ఉన్నాయి. సాధారణ వర్గాలకు ఖర్చులో సగం, సాంచాకు 45,000 రూపాయలు మించకుండా ఇచ్చారు.

కంప్యూటర్ ప్రోగ్రాములు రాసే మన పిల్లలకూ ఇదే తగవు. నెట్‌స్కేప్ కంపెనీ 1998లో తన పాత ప్రోగ్రామును పక్కనపెట్టి మొదటినుంచి రాయడానికి పూనుకుంది. కొత్తది బయటికి వచ్చేసరికి 2000 సంవత్సరం చివరికొచ్చింది. ఈలోగా బజారు మైక్రోసాఫ్ట్ చేతికి పోయింది. ఏళ్ళ తరబడి అతుకులు వేసిన పాత ప్రోగ్రాములో ప్రతి అతుకు వెనకా ఎవరో ఒక వాడుకరి కష్టం ఉంటుంది. దాన్ని చెరిపేస్తే, ఆ పాఠాలన్నీ మళ్ళీ నేర్చుకోవాలి.

అలాగని పాతదాన్నే పట్టుకుని వేలాడినా ముప్పే. అమెరికాలో 1894 నుంచే నార్త్రప్ ఆటోమేటిక్ మగ్గాలు మిల్లుల్లో చేరాయి. ఇంగ్లాండులోని లాంకషైర్ మిల్లులు మాత్రం తమ పాత మగ్గాలనే నమ్ముకున్నాయి. చివరికి 1929లో అక్కడి ప్లాట్ బ్రదర్స్ కంపెనీయే జపాన్ టొయోడా మగ్గం హక్కులను లక్ష పౌన్లకు కొనుక్కుంది.

మరి తేల్చుకునేది ఎలా? మూడు ప్రశ్నలు వేసుకోవాలి. పాతది ఏ ఏ పనులు చేస్తోందో కాగితం మీద రాయగలమా? రాయలేకపోతే మార్చే వేళ ఇంకా రాలేదు. మరమ్మతు ఖర్చు ఏటేటా పెరుగుతోందా, విడిభాగాలు దొరకడం మానేశాయా? అలాగైతే ఇక అతుకులు దండగ. కొత్తది కుదురుకునేదాకా పొయ్యి మీద కుండ దించకుండా ఉండగలమా? ఇది అన్నిటికన్నా ముఖ్యం.

ఎనిమిది సాంచాలున్న కార్ఖానాలో ఆరు నడుస్తుండగా రెండింటినే మార్చి చూడవచ్చు. సేటు ఆ గుడ్డకు ఎక్కువ కూలి ఇస్తాడో లేదో ఆరు నెలల్లో తేలిపోతుంది. ఇస్తే మరో రెండు మార్చవచ్చు. ఇవ్వకపోతే నష్టం ఆ రెండింటితోనే ఆగుతుంది. ప్రోగ్రాము రాసే పిల్లవాడికైనా, సాంచా నడిపే తండ్రికైనా ఈ పద్ధతి ఒకటే.