దోసిట్లో పేలాలు, అరచేతిలో పల్లీలు

నా పెళ్లిలో లాజహోమం దగ్గర నా దోసిట్లో పేలాలు పోసింది మా తమ్ముడు. అప్పటికి వాడికి పంతొమ్మిదేళ్లు. సగం పేలాలు పురోహితుడిగారి ఒళ్లోనే పడ్డాయి. ఆరేళ్ల తరవాత ఒక రాత్రి చేతిసంచీతో తెనాలిలో మా ఇంటి గడప ఎక్కాను. నాన్న 'తెల్లారాక మాట్లాడదాం' అని లోపలికెళ్లిపోయారు. అమ్మ ఏడుస్తూనే అన్నం పెట్టింది. తమ్ముడు మాత్రం అరుగు మీద నా పక్కనే చతికిలబడి, వేయించిన వేరుశనక్కాయలు ఒలిచి, పొట్టు ఊది, నా అరచేతిలో పోస్తూ కూర్చున్నాడు. ఏం జరిగిందక్కా అని కూడా అడగలేదు.

'దిల్ ధడక్‌నే దో' చూస్తున్నంతసేపూ నాకు ఆ అరుగే కళ్లముందు మెదిలింది. జోయా అఖ్తర్ తీసిన ఈ హిందీ సినిమా 2015 జూన్‌లో వచ్చింది. ఢిల్లీలో మెహ్రాలనే డబ్బున్న కుటుంబం. తల్లిదండ్రులు అనిల్ కపూర్, షెఫాలీ షా తమ ముప్పయ్యో పెళ్లిరోజుకి బంధుమిత్రులందర్నీ మధ్యధరా సముద్రంలో ఓడ ఎక్కిస్తారు. కూతురు ఆయేషాగా ప్రియాంకా చోప్రా, కొడుకు కబీర్‌గా రణ్‌వీర్ సింగ్. ఆ వేడుక ఆహ్వానపత్రికలో కొడుకు పేరుంటుంది, కూతురి పేరుండదు. పెళ్లయిపోయింది కదా, వేరే ఇంటి మనిషి! ఈ ఒక్క ముక్క తెలుగువాళ్లకి ఎవరూ అనువాదం చేసిపెట్టక్కర్లేదు.

ఆయేషా భర్త మానవ్ (రాహుల్ బోస్) దుర్మార్గుడేం కాదు. సంసారం నలుగురి కంటికీ నిక్షేపంగానే ఉంటుంది. అత్తగారు మనవడి కోసం పోరుతుంటుంది. అన్నట్టు ఆ అత్తగారి పాత్ర వేసిన జరీనా వహాబ్ మన విశాఖపట్నంలో పుట్టినావిడే. ఆయేషా సొంత వ్యాపారం నడుపుతోంది. మా కుటుంబంలో ఆడవాళ్లు పనిచేయడం ఈమెతోనే మొదలు, నేనే ఒప్పుకున్నానని మానవ్ గొప్పగా చెప్పుకుంటాడు. ఆమెకి నీ అనుమతి దేనికి అని నిలదీసేది పాత స్నేహితుడు సన్నీ, అంటే ఫర్హాన్ అఖ్తర్. ఆ మాట తమ్ముడి నోట పెట్టి ఉంటే ఎంత బాగుండేదో! సినిమాకి మాటలు రాసింది కూడా ఫర్హానే. పైగా అతను జోయాకి సొంత తమ్ముడు. అక్క సినిమాలో అక్కాతమ్ముళ్ల మాటలు రాసి, తను మాత్రం ప్రేమికుడి వేషం ఉంచుకున్నాడు.

విడాకులు కావాలని ఆయేషా అన్నప్పుడు కన్నవాళ్లకి ఆ మాటే మింగుడుపడదు. మా ఇంట్లో తెల్లారాక జరిగిన పంచాయితీలోనూ ఇదే గొడవ. వచ్చిన ఇద్దరు పెద్దమనుషులూ రెండే ప్రశ్నలు వేశారు: కొట్టాడా? తాగుతాడా? రెంటికీ లేదన్నాను. అయితే ఇంకేం, సర్దుకుపో తల్లీ అన్నారు.

మన పాత సినిమాల్లో ఈ చిక్కు రాదు. అక్కడ నేరం మోయడానికి ఒకరు సిద్ధంగా ఉంటారు. 1962లో వచ్చిన 'రక్తసంబంధం'లో చెల్లెలి కాపురంలో చిచ్చుపెట్టేందుకు సూర్యకాంతంగారున్నారు. అన్నగా ఎన్టీఆర్, చెల్లెలిగా సావిత్రి. తమిళ 'పాశమలర్' కథే ఇది, ముళ్ళపూడి వెంకటరమణ మాటలతో. అంతకు కొన్ని నెలల ముందే 'గుండమ్మ కథ'లో జంటగా చూసిన ఆ ఇద్దర్నీ జనం అన్నాచెల్లెళ్లుగా ఒప్పుకుని ఏడ్చారు. రణ్‌వీర్, ప్రియాంకలదీ అదే తంతు. 2014లో 'గూండే'లో ప్రేమికులు, మరుసటేడు జూన్‌లో అక్కాతమ్ముళ్లు, డిసెంబరులో 'బాజీరావ్ మస్తానీ'లో మొగుడూ పెళ్లాలు.

'రక్తసంబంధం' నాకిప్పటికీ ఇష్టమే, కళ్లు తుడుచుకోకుండా చూడలేను. కానీ ఒక సంగతి చెప్పాలి. ఆ అన్న ఓదార్పంతా త్యాగమే. ఆస్తి ఇస్తాడు, కన్నీళ్లు ఇస్తాడు, చివరికి అన్నాచెల్లెళ్లిద్దరూ ప్రాణాలే వదిలేస్తారు. నీకేం కావాలమ్మా అని చెల్లెల్ని కూర్చోబెట్టి అడిగే తీరికే ఉండదు ఆ కథలో.

కబీర్ ఏ త్యాగమూ చేయడు. నిజానికి వాడు తండ్రి దగ్గర ఒట్టి పిరికివాడు. ప్రాణంగా చూసుకునే తన చిన్న విమానాన్ని అమ్మొద్దని గట్టిగా అడగలేడు, ప్రేమించిన పిల్ల సంగతి చెప్పలేడు. అలాంటివాడు అక్క మాట వచ్చేసరికి తండ్రికి ఎదురు నిలబడతాడు. మీ ఇద్దరి కాపురం మాత్రం ఏం బాగుందని, తండ్రి వెలగబెట్టిన వ్యవహారాలతో సహా అడిగేస్తాడు. అక్క చెప్పింది నమ్మాడు, అంతే. రుజువులు అడగలేదు.

మా ఇంట్లోనూ అచ్చం అలాగే. సినిమాకి డబ్బులడగాలన్నా అమ్మ కొంగు చాటునుంచి అడిగే మా వాడు, ఆ పొద్దున గుమ్మంలో నిలబడి 'అక్క ఇక్కడే ఉంటుందండీ' అన్నాడు. గొంతు వణికింది. నాన్న తలెత్తి చూశారు. పెద్దమనుషులు కాఫీ తాగి వెళ్లిపోయారు.

సినిమా చివర్లో కబీర్ ప్రేమించిన పిల్ల కోసం సముద్రంలో దూకేస్తే, మిగతా ముగ్గురూ లైఫ్‌బోటులో వెళ్లి వాణ్ణి లాక్కుంటారు. ఆ పడవలో అల్లుడు లేడు. దాదాపు మూడు గంటల సినిమాలో డాబూ దర్పం కొంచెం ఎక్కువే, కథంతా మెహ్రాల పెంపుడు కుక్క చేత చెప్పించడం నాకంతగా రుచించలేదు. ఆ పడవ కోసం మాత్రం మళ్లీ చూస్తాను.

మా తమ్ముడికిప్పుడు యాభై దాటింది. చూడరా అంటే, అంతసేపు ఓడెక్కి కూర్చునే ఓపిక లేదక్కా అన్నాడు. మొన్న ఆదివారం వస్తూ పచ్చి వేరుశనక్కాయలు తెచ్చాడు. ఇద్దరికీ పళ్లు సరిగా లేవు కదా, ఉప్పేసి ఉడకబెట్టుకుని తిన్నాం.