బంతి కంటే ముందే కదిలే మెదడు

కంటికి ఏదైనా కనిపించిన క్షణం నుంచి చేయి కదిలేదాకా మనిషికి సుమారు 0.2 సెకను పడుతుంది. పరుగు పందేల్లో తుపాకీ మోగాక 0.1 సెకనులోపే కదిలినవారిని తప్పుడు ఆరంభం కింద పక్కన పెడతారు. వినికిడి ఎంత చురుకైనదైనా అంత త్వరగా కాలు కదలదని ఆ నిబంధన ఉద్దేశం. 2018 అక్టోబరులో ముంబయి బ్రబోర్న్ స్టేడియంలో వెస్టిండీస్ బ్యాటర్ కీమో పాల్‌ను మహేంద్రసింగ్ ధోనీ స్టంపౌట్ చేయడానికి పట్టింది 0.08 సెకను మాత్రమేనని అప్పట్లో లెక్కగట్టారు. బంతి గ్లౌజుల్లో పడ్డాక ఆలోచిస్తే అది సాధ్యం కాదు. బంతి చేరకముందే చేతులకు ఆదేశం వెళ్లిపోయి ఉండాలి.

ఖరగ్‌పూర్ మైదానంలో

ఖరగ్‌పూర్ రైల్వే ఊరు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచే తెలుగు కుటుంబాలు స్థిరపడిన చోటు. 2001 నుంచి 2003 వరకు ధోనీ ఇక్కడ టికెట్ కలెక్టర్‌గా పనిచేశాడు. రైల్వే జట్టుకు ఆడుతూనే టెన్నిస్ బంతి పోటీల్లోనూ దిగేవాడు. 2005 ఏప్రిల్ 5న విశాఖపట్నంలో పాకిస్థాన్‌పై 148 పరుగులు చేసేనాటికి దేశమంతా అతని బ్యాటును చూసింది. కీపింగ్‌లోని కిటుకు అంత తేలిగ్గా కంటికి ఆనదు. మామూలుగా కీపర్ బంతి తాకిడిని తట్టుకోవడానికి చేతులను కాస్త వెనక్కి తీసుకుంటాడు. ధోనీ చేతులు వెనక్కి పోవు. బంతిని అందుకుంటూనే వికెట్ల వైపు వెళ్తాయి.

ముందే దూకే చూపు

గంటకు 140 కిలోమీటర్ల వేగంతో వేసిన బంతి దాదాపు అర సెకనులో బ్యాటర్‌ను చేరుతుంది. అందులో 0.2 సెకను చూడడానికి, స్పందించడానికే సరి. మిగిలిన వ్యవధిలో షాట్ ఎంచుకుని బ్యాట్ ఊపాలి. బంతి నేలను తాకాక అనుకోకుండా పక్కకు మళ్లితే మేటి బ్యాటర్లకూ షాట్ మార్చుకోవడానికి సుమారు 0.2 సెకను కావాల్సిందేనని 1987లో పరిశోధకుడు పీటర్ మెక్‌లియోడ్ తేల్చాడు. అంటే వాళ్ల నరాలేమీ వేరు కావు. మరి తేడా ఎక్కడుంది? 2000లో మైకేల్ లాండ్‌తో కలిసి అతను బ్యాటర్ల కంటిచూపును కొలిచాడు. వాళ్లు బంతిని ఆసాంతం చూడరు. అది చేయి వదలగానే కాసేపు గమనించి, పిచ్ కాబోయే చోటికి చూపును ముందే దూకిస్తారు. ఎంత మేటి ఆటగాడైతే అంత ముందుగా.

బాస్కెట్‌బాల్‌లోనూ ఇదే కనిపించింది. 2008లో ఇటలీ శాస్త్రవేత్త సాల్వతోరే అల్యోతి బృందం ఫ్రీ త్రోల వీడియోలను మధ్యలో ఆపి, బంతి పడుతుందా లేదా అని అడిగింది. విసిరేవాడి ఒంటి కదలికను బట్టే ఆటగాళ్లు ముందుగా చెప్పగలిగారు. వాళ్ల మెదడులో చేతి కండరాలను నడిపే భాగం గురి తప్పబోయే త్రోలకు ప్రత్యేకంగా స్పందించింది. ఏళ్ల తరబడి ఆడిన ఒళ్లు ఎదుటివాడి కదలికను తనదిగా చదువుతుందన్నమాట.

తక్కువ శ్రమ, ఎక్కువ పని

నైపుణ్యం పెరిగితే మెదడు మరింత కష్టపడుతుందనుకోవడం పొరపాటు. 2014లో జపాన్ పరిశోధకులు నైటో, హిరోసే ఫుట్‌బాల్ ఆటగాడు నెయ్‌మార్ పాదం తిప్పుతుండగా అతని మెదడును స్కాన్ చేశారు. ఇతర ఆటగాళ్లతో పోలిస్తే అతనిలో పాదాన్ని నడిపే భాగం తక్కువ మేరే పనిచేసింది. చేయి తిరిగిన వంటమనిషి కొలతలు చూసుకోనట్టే, అలవాటైన కదలికకు మెదడు పెద్దగా ఖర్చు పెట్టదు. అలా మిగిలిన శక్తి ఎత్తుగడకు అక్కరకొస్తుంది.

ఈ నైపుణ్యం అన్నిచోట్లా పనికిరాదు. చదరంగంపై 1973లో ఛేజ్, సైమన్ చేసిన ప్రయోగంలో నిజమైన ఆటలోని బోర్డును కొద్ది క్షణాలు చూపితే మాస్టర్లు చాలా పావులను గుర్తుపెట్టుకున్నారు. పావులను అడ్డదిడ్డంగా పేరిస్తే కొత్తవాళ్లతో సమానమయ్యారు. నైపుణ్యం ఆడిన ఆటకే కట్టుబడి ఉంటుంది.

అంతర్జాతీయ క్రికెట్‌లో ధోనీ చేసిన స్టంపింగులు 195. అతను రిటైరయ్యేనాటికి మరే కీపరూ అన్ని చేయలేదు.